ధిక్కారమంటే ఎందుకంత ఉలికిపాటు?

ధిక్కారం అన్న మాట చెవిన పడితే చాలు, సర్కారు కుర్చీలకు వణుకు పుడుతది. ఉద్యోగి నోరు తెరిస్తే 'ఉత్తర్వుల ధిక్కారం' అని మెమో. విద్యార్థి రోడ్డెక్కితే 'ధిక్కార ధోరణి' అని సంపాదకీయం. ఇంతకీ ఈ మాటకు అసలు అర్థమేంది?

సంస్కృతంలో 'ధిక్' అంటే ఛీ. ధిక్కారం అంటే ఛీ అనడం, అంతే. మన ఊళ్లల్ల ముసలవ్వ 'థూ, నీ బతుకు చెడ' అన్నదంటే అది అక్షరాలా ధిక్కారమే. అందులో ఆజ్ఞ మీరుడు యాడుంది?

విచిత్రమేమంటే ఈ మాట ఒకప్పుడు రాజుగారి ఆయుధం. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో శిక్షల వరుస ఉంది. ముందు మాటతో మందలింపు, తర్వాత ధిగ్దండం, ఆ తర్వాత జరిమానా, చివరికి దేహశిక్ష. జైన గాథల్లోనూ తొలి శిక్షలు 'హా', 'మా', 'ధిక్' అనే మూడు మాటలే. పైనున్నోడు ఛీ అనాలె, కిందున్నోడు తల వంచాలె. తెలుగులో మాట తలకిందులైంది. కిందున్నోడు తలెత్తి ఛీ అన్నడు. అప్పుడు గాని అది నేరం కాలేదు!

ఆజ్ఞ మీరడానికి వేరే మాట ఉంది: ఉల్లంఘన. అంటే దాటి దుంకుడు. ఆ దుంకుడు ఎవరిదో లెక్క తీద్దాం. 1956 పెద్దమనుషుల ఒప్పందాన్ని దుంకిందెవరు? 1975 రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా మన కొలువుల్లో స్థానికేతరులను నింపిందెవరు? వాళ్లను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలని 1985 డిసెంబర్ 30న 610 జీవో ఇచ్చి, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసేదాకా దాన్ని బీరువాల పెట్టిందెవరు? ఉల్లంఘించింది సర్కారు. జీవో అమలు చెయ్యమన్న గుమాస్తాకేమో ధిక్కారి అని పేరు. 1969ల ఛీ అన్న పిల్లలకైతే మెమోలు కాదు, తూటాలే.

2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. 2017లో ఇందిరాపార్కు ధర్నాచౌక్‌కు తాళం పడ్డది. 'మనోళ్లే కదా, ఓపిక పట్టుండ్రి' అన్నరు కొందరు మిత్రులు. ఛీ అనే జాగ లేకుండ చేసినోడు మనోడైతే మాత్రం ఏంది? హైకోర్టు గడప తొక్కితే గాని ఆ జాగ మళ్ల దక్కలేదు.

ఉద్యోగ మిత్రులారా, ఈసారి మెమోలో 'ధిక్కారం' అని కనబడితే సంజాయిషీ రాసే ముందు ఒక్కటి అడుగుండ్రి: మేం ఉల్లంఘించిన ఉత్తర్వు ఏది? దాని నంబరు, తేదీ రాసియ్యమనుండ్రి.