వదినగారూ, ఆ తెలుగు మాదేనండీ!

మొన్న కరీంనగర్‌లో మా ఆడబిడ్డ మనుమరాలి పెళ్ళి. భోజనాలవేళ ఆర్కెస్ట్రా కుర్రాడు ‘నన్ను దోచుకొందువటే’ ఎత్తుకున్నాడు. నా పక్కన మగపెళ్ళివారి వదినగారు. కృష్ణాజిల్లా మనిషి, మంచావిడే. కళ్ళు మూసుకుని విని, "ఎంత చక్కటి తెలుగండీ! మీ వైపు ఇలాంటిది వినపడదు. అంతా ఉర్దూ కలిసిపోయింది కదూ?" అన్నారు.

నాకు లడ్డూ గొంతులో అడ్డంపడింది.

"ఆ పాట రాసింది మా హనుమాజీపేటాయనండీ" అన్నాను. "అయ్యో, అది రామారావు పాట కదండీ!" అన్నారావిడ.

చూశారా తమాషా! తెరమీద రామారావుగారు, గొంతులు ఘంటసాల, సుశీలలవి, బాణీ జోసెఫ్, విజయా కృష్ణమూర్తిలది. మాటలు మాత్రం గాలికి పుట్టాయి కాబోలు! 1962లో ‘గులేబకావళి కథ’కు రామారావుగారు పిలిచి మరీ అన్ని పాటలూ రాయించింది సి. నారాయణరెడ్డిగారి చేత. సినిమాలకు ఆయన రాయడం అదే మొదలు. అప్పటికే ‘నాగార్జునసాగరం’, ‘కర్పూర వసంతరాయలు’ రాసి పేరు తెచ్చుకున్న కవి, హైదరాబాదులో తెలుగు లెక్చరర్. పుట్టింది 1931లో, వేములవాడ దగ్గర హనుమాజీపేటలో. ఇప్పుడా ఊరు రాజన్న సిరిసిల్ల జిల్లాలోకి పోయింది కాని, మాకు మాత్రం కరీంనగరే.

మరి చదువు? నిజాం రోజులు. డిగ్రీ దాకా ఉర్దూ మీడియమే! తెలుగును పాడుచేసిందని వదినగారు జాలిపడిన ఆ ఉర్దూలోనే! ఆ చదువుతోనే తర్వాత తెలుగులో గజళ్ళు రాసి, సభల్లో తానే గొంతెత్తి పాడారు. రెండు పొయ్యిలున్నంత మాత్రాన వంట చెడుతుందా?

ఆ పల్లవిలో సగం ఆడదానిది, గమనించారా? అతను నేరం మోపుతాడు, ఆమె అక్కడికక్కడే జవాబిస్తుంది. పైగా ‘దొరసాని’ అన్న మాటొకటి. మా నాయనమ్మ కథల్లో దొరసాని అంటే గడీలో ఉండేది, ఎదురైతే చెప్పులు చేతబట్టుకోవాల్సిందే. ఆ భయపు మాట ఈ పాటలో ప్రేమించిన పిల్లకు ముద్దుపేరైంది. కవిగారు అంత ఆలోచించారో లేదో, నాకు మాత్రం అట్లాగే వినపడుతుంది.

పాట మీ యాసలో లేదు కదా అంటారు. లేదు, ఒప్పుకుంటాను. మా యాసను సినిమావాళ్ళు ఎన్నో ఏళ్ళు రౌడీలకూ, నవ్వించేవాళ్ళకూ వదిలిపెట్టారు మరి. వాళ్ళననడమెందుకు? మా అమ్మాయి చిన్నప్పుడు ‘గిట్ల’ అంటే, చుట్టాల ముందు తొడపాశం పెట్టిన తల్లిని నేనే. అది ఇప్పటికీ వచ్చినవాళ్ళ దగ్గర తూచి తూచి మాట్లాడుతుంది.

నారాయణరెడ్డిగారు 2017లో పోయారు. మరుసటేడే ఆ పల్లవి మొదటి మాటలే పేరుగా సుధీర్‌బాబు సినిమా వచ్చింది. 56 ఏళ్ళ తర్వాత కూడా ఆ మాటలకు గిరాకీ ఉంది, రాసినాయన పేరుకే లేదు!

ఉండబట్టలేక స్టేజి దగ్గరికి పోయాను. "బాబూ, రాసినాయన పేరు గూడ చెప్పరాదూ?"

"చెప్తనమ్మా, పేరేంది?" అన్నాడు. వాడిది జగిత్యాలట!

కాగితమ్ముక్క మీద రాస్తుంటే వెనకాలే వచ్చిన వదినగారు, "ఊరు కూడా రాయండి" అన్నారు. రాసిచ్చాను. మైకులో వాడు హనుమాజీపేటను హనుమకొండ అని చదివాడు.