జాప్యానికి శ్రీలంక చెల్లించిన మూల్యం

ఆర్థిక సంక్షోభంలో ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నదనే దానితో పాటు ఎప్పుడు తీసుకున్నదన్నదీ ముఖ్యమేనని శ్రీలంక అనుభవం చాటుతోంది. 2019 చివరలో గొటబాయ రాజపక్స ప్రభుత్వం విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించడంతో ఖజానాకు గండి పడింది. మరుసటి ఏడాది కొవిడ్ పర్యాటక ఆదాయాన్ని హరించింది. విదేశ మారకద్రవ్య నిల్వలు కరిగిపోతున్నా అంతర్జాతీయ ద్రవ్యనిధిని ఆశ్రయించేందుకు పాలకులు చాలాకాలం వెనుకాడారు. చివరకు 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపులు నిలిచిపోయాయి. ఇంధనం, వంటగ్యాస్ కోసం ప్రజలు బారులు తీరారు. సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతానికి చేరువైంది.

1991లో భారత్‌కు కూడా కొద్ది వారాల దిగుమతులకు సరిపడా నిల్వలే మిగిలాయి. అయితే పి.వి. నరసింహారావు ప్రభుత్వం అధికారానికి వచ్చిన కొద్ది రోజులకే రూపాయి విలువను తగ్గించింది. బంగారం కుదువపెట్టి, ద్రవ్యనిధి సాయం పొంది, రుణ వాయిదా తప్పకుండా దేశాన్ని గట్టెక్కించింది.

శ్రీలంకకు 2023 మార్చిలో సుమారు 300 కోట్ల డాలర్ల ద్రవ్యనిధి రుణం మంజూరైంది. కాగా ఒకనాడు 8 శాతానికి తగ్గిన అదే పన్ను 2024 జనవరిలో 18 శాతానికి చేరింది. ఆలస్యంగా తీసుకునే చర్యల భారం అధికంగా పడేది పేదలపైనే. నిల్వలు పూర్తిగా అడుగంటకముందే సాయం కోరడం, ఆహారం, మందుల సరఫరాను కాపాడుకోవడం ఇటువంటి వేళ ప్రభుత్వాల ప్రథమ కర్తవ్యం.