నూరో గడికెళ్తే ఏమొస్తుంది?

"మావాడు ఫోన్లో ఆట వదలడండీ!" మా జంగారెడ్డిగూడెంలో ఏ ఇంటికెళ్ళినా ఇదే గోడు. మీ ఊళ్ళోనూ అంతేగా? ఆ ఆటలు కట్టేవాళ్ళ కిటుకు మన వైకుంఠపాళీలో ఎప్పట్నించో ఉంది.

ముక్కోటి ఏకాదశి జాగారానికి పటం పరిచి గవ్వలు వేస్తాం కదా. ఉన్నవల్లా గళ్ళే. కానీ పైన వైకుంఠం ఉంది. నిచ్చెనలకి భక్తి, జ్ఞానం లాంటి పేర్లు, పాములకి రాక్షసుల పేర్లు. అందుకే పాము మింగినా ఉసూరుమంటూనే మళ్ళీ కింద నుంచి మొదలెడతాం. ఇంగ్లీషువాళ్ళు పట్టుకెళ్ళిన ఆటలో మొదట మంచీచెడ్డల బొమ్మలున్నా, రానురాను వట్టి అంకెలే మిగిలాయి. నూరో గడికెళ్తే ఏమొస్తుంది? నూరే!

2007లో ఫ్రీరైస్ అనే వెబ్‌సైటు వచ్చింది. ఇంగ్లీషు మాటకి సరైన అర్థం చెబితే, ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమానికి బియ్యం వెళ్ళేవి. ఖర్చు ప్రకటనల మీద వచ్చే డబ్బుతో. మొదట్లో జవాబుకి 10 గింజలే. (మనం బియ్యం ఏరేటప్పుడు అంతకంటే ఎక్కువే పారబోస్తాం!) అయినా తెర మీద గిన్నెలో గింజలు కనిపిస్తుంటే ఇంకొక్క మాట చెబుదామనిపిస్తుంది. మార్కులిస్తే ఆ ఆత్రం రాదు.

అలాగని నమ్మేయకండి. "రాజ్యాన్ని కాపాడు" అని మొదలెట్టి, నాలుగు రోజులకి కత్తి కొనడానికి డబ్బు కట్టమనే ఆటలూ ఉన్నాయి. అక్కడ రాజ్యం మన పర్సు కోసమే.

పిల్లల్ని కసిరేముందు "ఇది ఆడి ఎక్కడికి చేరతావురా?" అని అడిగి చూడండి. మా పక్కింటి కుర్రాడు "తర్వాతి లెవెల్‌కి పిన్నీ" అన్నాడు. "ఆ తర్వాత?" అన్నాను. బుర్ర గోక్కున్నాడు.