కలవకూడని దారులు

2023 మార్చి 17 సాయంత్రం కొలంబో నుంచి శ్రీలంకన్ ఎయిర్‌లైన్స్ విమానం బెంగళూరులో దిగింది. అందులో వచ్చినవారిలో 30 మందిని బస్సు తీసుకెళ్లి దేశీయ ప్రయాణికులు దిగే గేటు దగ్గర వదిలింది. పాస్‌పోర్టు మీద ముద్ర పడకుండానే, కస్టమ్స్ వారి కంట పడకుండానే వారు దేశీయ లగేజీ హాల్లోకి చేరారు. ఆ హాలు తలుపు దాటితే ఇక అడిగేవారు లేరు. విషయం తెలిసి భద్రతా దళమైన సీఐఎస్ఎఫ్‌ను, ఇమిగ్రేషన్‌ను అప్రమత్తం చేసి వారిని అంతర్జాతీయ విభాగానికి తరలించారు. విమానాశ్రయం ఇచ్చిన సంజాయిషీ రెండు మాటలు: మానవ తప్పిదం. అంతటితో ఆ అధ్యాయం ముగిసింది. అలా ముగియనివ్వడమే మన అభ్యంతరం.

విమానాశ్రయ భద్రత అంటే స్కానర్లు, తుపాకులు పట్టిన జవాన్లు మాత్రమే కాదు. దాని పునాది ఒక సాదా నియమం. తనిఖీ అయినవారికీ, కానివారికీ మధ్య ఏ కలయికా ఉండకూడదు; కలిస్తే విమానం ఎక్కేలోగా మనుషులనూ చేతి సంచులనూ మళ్లీ తనిఖీ చేయాలి. షికాగో ఒప్పందానికి 1974లో చేర్చిన 17వ అనుబంధంలోని ఈ నిబంధనకు భారత్ కట్టుబడి ఉంది. వచ్చేవారికి ఒక అంతస్తు, వెళ్లేవారికి మరో అంతస్తు కట్టేది ఇందుకే. ఏరోబ్రిడ్జి దాటగానే ఎదురయ్యే గాజు తలుపు ఒకవైపే తెరుచుకునేదీ ఇందుకే. ఏరోబ్రిడ్జి లేనిచోట ఆ తలుపు పని చేసేది బస్సు డ్రైవరు. కోట్లు పోసి కట్టిన ఏర్పాటు చివరికి అతను ఏ గేటు ముందు బ్రేకు వేస్తాడన్నదాని మీద ఆధారపడుతోంది. ఆ ఒక్క మలుపు దగ్గర రెండో మనిషి సరిచూసే పద్ధతి లేకపోతే, దాన్ని డ్రైవరు తప్పు అనడం అన్యాయం. అది యాజమాన్యం తప్పు.

2024 జనవరి 14 రాత్రి ముంబయిలో జరిగింది ఇంకా తీవ్రమైనది. ఢిల్లీలో పొగమంచు కారణంగా గోవా నుంచి అక్కడికి వెళ్తున్న ఇండిగో విమానాన్ని ముంబయికి మళ్లించారు. గంటల తరబడి ఆలస్యంతో విసిగిపోయిన ప్రయాణికులు కిందికి దిగి, విమానాలు నిలిపే ఏప్రాన్ మీదే కూర్చుని భోజనాలు చేశారు. ఆ వీడియో చూసి దేశం నవ్వుకుంది. నవ్వుకోవలసిన విషయం కాదది. వారు భద్రతా తనిఖీ లేకుండానే ఏప్రాన్ మీది నుంచి మళ్లీ విమానం ఎక్కారని పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీసీఏఎస్, తప్పుపట్టింది. ఇండిగోకు 1.20 కోట్ల రూపాయలు, విమానాశ్రయానికి బీసీఏఎస్, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రెండూ కలిపి 90 లక్షలు జరిమానా వేశారు. ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండిగో లాభం 8,172 కోట్లు. అంటే ఆ సంస్థకు పడ్డ శిక్ష గంటన్నర లాభం పాటి కూడా చేయదు. ఆ మాత్రం సొమ్ముకు ఏ సంస్థ తన పద్ధతులు మార్చుకుంటుంది?

నియమం ప్రయాణికులతో ఆగదు. లోపల పనిచేసే సిబ్బందికీ అది వర్తించాలి. 2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయం వీఐపీ లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నాయకుడు జగన్‌మోహన్ రెడ్డిపై దాడి జరిగింది. వాడింది కోడిపందేల కత్తి. నిందితుడు అక్కడి క్యాంటీన్‌లో పనిచేసే వ్యక్తి. ఆ తర్వాత నెలల తరబడి మన రాష్ట్రంలో సాగిన చర్చంతా దాడి వెనక ఎవరున్నారన్నదాని మీదే. ఆ కత్తి లోపలికి ఎలా వచ్చిందని గట్టిగా అడిగిన గొంతులు తక్కువ. 2024లో చెన్నైలో కస్టమ్స్ అధికారులు మరో దారి బయటపెట్టారు. విదేశాల నుంచి వచ్చి మరో విమానం ఎక్కాల్సిన ట్రాన్సిట్ ప్రయాణికులు తెచ్చిన బంగారాన్ని లోపలి దుకాణం సిబ్బంది ఒంటి మీద దాచుకుని బయటికి చేరవేశారన్నది అభియోగం. రెండు నెలల్లో 267 కిలోలు, 167 కోట్ల రూపాయల విలువ. బంగారం పోయిన దారిన పేలుడు పదార్థం పోదా? బీసీఏఎస్ పాస్ లేనిదే ఎవరూ లోపల పనిచేయలేరు. మరి ఆ పాస్‌లు ఎవరిని ఆపుతున్నట్టు?

అమెరికాలో దేశీయ విమానాలు దిగేవారూ ఎక్కేవారూ ఒకే హాల్లో తిరుగుతారు, మనకెందుకీ చాదస్తం అనేవారున్నారు. నిజమే, తిరుగుతారు, అక్కడ అందరూ ఒకే తరహా తనిఖీ దాటివచ్చినవారు. అదే అమెరికాలో 2010 జనవరి 3న నెవార్క్ విమానాశ్రయంలో కాపలాదారు పక్కకు వెళ్లిన క్షణంలో ఒక యువకుడు, స్నేహితురాలికి వీడ్కోలు చెప్పేందుకు, బయటికొచ్చే దారిలో తాడు కింద నుంచి దూరి లోపలికి వెళ్లాడు. అతనిలో దురుద్దేశం లేదు. అయినా టెర్మినల్ దాదాపు ఆరు గంటలు మూతపడింది. వేలమందిని బయటికి పంపి మళ్లీ తనిఖీ చేశారు. ఆ కాపలా లోపం సిగ్గుచేటే. కానీ కలయిక జరిగిందని తేలాక, విమానాలు ఆలస్యమవుతాయని అక్కడ వెనకాడలేదు.

మన దగ్గర ఆ సంకల్పమే కొరవడింది. తనిఖీ చేయించుకోవాలంటే సామాన్యుడు బెల్టు విప్పుతాడు, చెప్పులు విప్పుతాడు, పసిబిడ్డ పాలసీసా మూత తీసి చూపిస్తాడు. గల్ఫ్ నుంచి శంషాబాద్‌లో దిగిన కూలీ ప్రతి ప్రశ్నకూ చేతులు కట్టుకుని జవాబు చెబుతాడు. అంత ఓర్పు చూపే ప్రజలకు, నియమం తప్పింది సంస్థ అయినప్పుడు, పత్రికా ప్రకటనలో రెండు మాటలతో సరిపెట్టడం అవమానకరం. పౌర విమానయాన శాఖ చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. దారులు కలిసిన ప్రతి సందర్భాన్నీ పార్లమెంటు ముందు పెట్టాలి. మళ్లీ తనిఖీ జరిగిందా లేదా, జరగకపోతే ఆ విమానాన్ని కదలనిచ్చిన అధికారి ఎవరు అన్నది అందులో ఉండాలి. జరిమానా ఆ సంస్థ ఆదాయంలో వాటాగా ఉండాలి. దూరంగా నిలిపే ప్రతి అంతర్జాతీయ విమానం దగ్గర, బస్సు తలుపు తెరవక ముందే గేటును సరిచూసే రెండో మనిషి నిలబడి ఉండాలి.