ఫాలిస్‌కి ఆ హాల్లో చోటేది?

ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. 1963లో తెరిచారు. వందల మంది ఆటగాళ్ళ కంచు ప్రతిమలు వరుసగా నిలబెట్టారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఊస్టర్‌లో పెరిగిన చార్ల్స్ ఫాలిస్ ప్రతిమ మాత్రం లేదు. డబ్బు పుచ్చుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు అతను. ఆ ఆటకి పెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ పుట్టింది 1920లో, ఫాలిస్ పోయింది 1910లో. లీగు రాకముందు ఆడినవాళ్ళ ఆట ఆట కాకుండా పోతుందా?

ఊస్టర్ హైస్కూల్లో మొదటి జట్టు కట్టినప్పుడు, ఎక్కువమంది తెల్లపిల్లలే అయినా, అతన్నే కెప్టెన్‌ని చేసుకున్నారు. తర్వాత షెల్బీ ఊరి జట్టు పిలిచింది. ఒక హార్డ్‌వేర్ దుకాణంలో పని ఇప్పించి, ప్రాక్టీసుకు వీలుగా వేళలు సర్దారు. 1904లో డబ్బుకి ఆడేలా ఒప్పందం రాయించుకున్నారు. ఆ ఏడాది మేరియన్ జట్టు మీద 83 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. అప్పట్లో ముందుకి పాస్ విసిరే వీల్లేదు. బంతి పట్టినవాడు మనుషుల గుంపుని ఢీకొట్టుకుంటూ పోవాల్సిందే, అందులోనూ అతన్ని కావాలని గురిచూసి పడగొట్టేవాళ్ళు.

1905లో టొలీడోలో జనం అతని రంగునెత్తి తిడుతుంటే, అవతలి జట్టు కెప్టెన్ జాక్ టాటర్సాలే వాళ్ళని మందలించాడు: అతను పెద్దమనిషి, కల్మషం లేకుండా ఆడుతున్నాడు, అలా పిలవకండి అని. ఎదుటి జట్టు నాయకుడు ఆ రోజే గుర్తించిన మనిషిని ఆటకి పెద్దలమనుకునేవాళ్ళు ఇన్నేళ్ళయినా గుర్తించరా?

ఇంకో సంగతి తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది. షెల్బీలో ఫాలిస్ పక్కన ఆడిన కుర్రాళ్ళలో బ్రాంచ్ రికీ ఒకడు. 1947లో జాకీ రాబిన్సన్‌ని బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దించి బేస్‌బాల్‌లో వర్ణవివక్షని బద్దలుకొట్టిన పెద్దమనిషి ఆయనే. తిట్టు తిని, దెబ్బ తిని, నోరెత్తకుండా ఆడడమెలాగో ఫాలిస్‌లో ఆయన దగ్గర్నుంచి చూశాడు. రికీ పేరు తెలుసు, రాబిన్సన్ పేరు ప్రపంచమంతా తెలుసు. ఫాలిస్ పేరు?

1906లో థాంక్స్‌గివింగ్ రోజు ఆటలో దెబ్బ తగిలి ఫుట్‌బాల్ వదిలేశాడు. క్యూబన్ జెయింట్స్ అనే జట్టులో బేస్‌బాల్ ఆడాడు; పేరుకే క్యూబన్, ఆడేదంతా అమెరికా నల్లవాళ్ళే. క్లీవ్‌లాండ్‌లో న్యుమోనియాతో పోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళే.

రుజువులు లేవనడానికి లేదు. ఒప్పందం సంగతి షెల్బీ డైలీ గ్లోబ్ పత్రికలో అచ్చయ్యే ఉంది. డెబ్బై ఏళ్ళ పాటు ఎవరూ వెతకలేదు, అంతే. ఎన్‌ఎఫ్‌ఎల్ మొదటి ఏడాదే ఆడిన నల్లజాతి ఆటగాడు ఫ్రిట్జ్ పొలార్డ్‌కే 2005 దాకా తలుపు తియ్యలేదు, అప్పటికి ఆయన పోయి పందొమ్మిదేళ్ళు. ఫాలిస్ కోసం అడగడానికి లీగు లేదు, అతనితో ఆడినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. అందుకే అతని తరఫున మనం అడగాలి: 1920 అనే గీత చెరిపేసి, అతన్ని లోపలికి పిలవండి.