జీతముండుడు పోలేదు

మా దిక్కు జీతం అనే మాటకు రెండు అర్థాలున్నయి. ఒకటి, నెల తిరిగితే ఉద్యోగస్తుని చేతికొచ్చేది. రెండోది, ‘ఫలానోని కొడుకు దొర దగ్గర జీతమున్నడు’ అనేటప్పటిది. మా తాత రెండో తీరు జీతమున్నోడు. అప్పు తీరేదాకా దొర కొట్టం విడిచి పోవద్దు. 1978 సెప్టెంబర్‌ల జగిత్యాల జైత్రయాత్ర నడిచి, ఆ యేడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలని ప్రకటించేటంత కొట్లాట అయితేగాని ఈ ఊర్లల్ల వెట్టి సడలలే. ఆ తాత మనుమణ్ణి నేను. మా ఇంట్ల డిగ్రీ చూసిన మొదటోణ్ణి. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, నెట్ పాసై, ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీల లెక్చరర్‌గ చేరినంక తెలిసింది, రెండో తీరు జీతం గడీల నుంచి కాలేజీ ఆఫీసుకు మారిందని.

చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకున్నరు, టెన్త్ మెమో నుంచి ఎమ్మెస్సీ పట్టా దాకా. ఇంకో కాలేజీకి పోతనంటే ‘ఈ యేడు కానియ్, చూద్దాం’ అన్నరు. ఏఐసీటీఈ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనమే 57,700. నాకు మిగిలింది 18,000, అదీ మూడు నెలలకోసారి, ఏడాదికి పది నెలలే. కాయితం మీద మాత్రం అంతా సక్కగనే ఉంటది. బ్యాంకుల జీతం పడ్తది, పడ్డదాంట్ల నుంచి తీసి మళ్ళ ఆఫీసుల కట్టాలె. ఇగ తనిఖీ వచ్చేనాడు మేమెన్నడు మొకం చూడని పీహెచ్‌డీ సార్లు స్టాఫ్ రూంల కూసుంటరు, పొద్దుగూకంగనే కవరు పట్టుకొని పోతరు.

వీటన్నిటికన్న కడుపు మండింది ఎండకాలం. ఎంసెట్ ర్యాంకులు రాంగనే లెక్చరర్లను అడ్మిషన్ల కోసం ఊర్లకు తోలుతరు. అగ్రకులాల సార్లను టౌన్ల జూనియర్ కాలేజీలకు పంపి, నన్ను మాదిగవాడలకు పంపేటోళ్ళు. ‘మీవోళ్ళు నువ్వు చెప్తెనే ఇంటరయ్యా’ అని. మావోళ్ళ మీద ప్రేమ అనుకునేరు! ఎస్సీ పిల్లగాని ఫీజు సర్కారు కడ్తది. వాని కులం సర్టిఫికెట్ మేనేజ్‌మెంటుకు చెక్కు కాయితం. వాడకట్టుల ఒక ముసలమ్మ నా చొక్కా, పెన్ను చూసి, ‘మా మనుమడు గూడ నీ అసుంటి సారు కావాలె బిడ్డా’ అన్నది. ఆ పొద్దు ఆమె కైకిలి పైసలు నా రోజు కూలికి ఎంత తక్కువో లెక్క కట్టిన. పెద్ద తేడా లేదు. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ఆ మనుమని సర్టిఫికెట్లు గూడ నా సర్టిఫికెట్ల పక్కకే, అదే బీరువాల.

2025 నవంబర్‌ల రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఇయ్యాలని ప్రైవేటు యాజమాన్యాలు కాలేజీలు బంద్ పెట్టినయి. సిబ్బందికి జీతాలియ్యలేకపోతున్నమని చెప్పినయి. బకాయి నిజమే, సర్కారు కట్టాల్సిందే. కాని నేనున్న కాలేజీల కిస్తీ వచ్చిన నెల కొత్త బస్సు వచ్చింది, కొత్త బ్లాకు లేచింది, మా జీతం మాత్రం రాలే. అందుకే అంటున్న: ఆ పైసల్ల టీచర్ వాటా యాజమాన్యం చేతిల పెట్టొద్దు, నేరుగ ఖాతాల వెయ్యాలె, మళ్ళ వాపసు గుంజుకుంటే గుర్తింపు రద్దు చెయ్యాలె.

కోర్టుకు పోరాదా అంటరు. ఏ కోర్టుకు? పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్ ‘పనివాడు’ కాడని సుప్రీంకోర్టు 1988లనే తేల్చింది. మాది పవిత్రమైన వృత్తి అంట! 2020 లేబర్ కోడ్‌ల ‘వర్కర్’ నిర్వచనంల విలేకరులను, సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులను పేరు పెట్టి చేర్చిన్రు, టీచర్‌ను చేర్చలే. చదువు మనకు నిషేధమున్నన్ని రోజులు గురువు దేవుడు. మనం గురువులమైనంక మాత్రం గురువు కూలోడు గూడ కాడు.

సర్కారేమన్న తక్కువ తిన్నదా? మా మండలంల నాచుపల్లికి 2007ల జేఎన్టీయూ ఇంజనీరింగు కాలేజీ వస్తే కొండగట్టు చుట్టుపక్కల మా పిల్లలు సంబురపడ్డరు. అసుంటి సర్కారు చదువులు పెరగాలె. కాని రాష్ట్రంల యూనివర్సిటీలు నడిచేది కాంట్రాక్టు, గెస్టు, పార్ట్‌టైం సార్ల మీద. 2023ల కొంతమంది కాంట్రాక్టు లెక్చరర్లను పర్మినెంటు చేసిన్రు. 2024 నవంబర్‌ల హైకోర్టు ఆ చట్ట సవరణనే కొట్టేసింది. అప్పటికే పర్మినెంటయినోళ్ళ జోలికి పోలే గాని, మిగిలినోళ్ళకు ఆ తొవ్వ మూసుకపోయింది. 2025 ఆగస్టుల గుజరాత్ కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసుల సుప్రీంకోర్టు, వాళ్ళకు 30,000 ఇచ్చుడు అన్యాయమని, కనీస స్కేలు ఇయ్యాలని చెప్పింది. ఆ తీర్పును మన యూనివర్సిటీల ముంగట పెట్టి కొట్లాడాలె.

విద్యార్థి సంఘాల తమ్ముళ్ళకు ఒక మాట. 93వ రాజ్యాంగ సవరణ ప్రైవేటు కాలేజీల సీట్లకు రిజర్వేషన్ తొవ్వ తెరిచింది, కొలువులకు తెరవలే. మన పిల్లల పేరు మీద సర్కారు సొమ్ము తినే కాలేజీల మనోళ్ళు ఎంతమంది హెచ్‌వోడీలున్నరు, ఎంతమంది ప్రిన్సిపాళ్ళున్నరు? అడుగుండ్రి. స్కాలర్‌షిప్పుల కోసం కలెక్టరాఫీసు ముంగట కూసున్నప్పుడు మీ సారు జీతం బోర్డు గూడ పట్టుకోండ్రి. సార్లు తమంతట తాము పట్టుకోలేరు, వాళ్ళ సర్టిఫికెట్లు లోపలున్నయి.

నేను 2024 డీఎస్సీల ఎంపికై సర్కారు బడికి వచ్చిన. నా సర్టిఫికెట్లు గుంజుకునేటందుకు ఆ కాలేజీకి నాలుగు నెలల జీతం ఇడిచిపెట్టాల్సి వచ్చింది. నాతోని పనిచేసినోళ్ళు ఇంక అక్కడనే ఉన్నరు. మా అవ్వ ముప్పై ఏండ్లు బీడీలు చేసింది, అక్షరం రాదు. ఆమెకు కంపెనీ ఇచ్చిన పీఎఫ్ నంబరున్నది. ఆ కాలేజీల పనిచేసిన పదేండ్లల్ల నాకు ఆ నంబరు రాలే.