ఢిల్లీ లేఖ: పెరిగిన ఆక్టేన్, తరిగిన మైలేజి

దేశ రాజధానిలో పెట్రోలు ప్రస్తావన వస్తే అది సాధారణంగా ధరతో మొదలై ధరతోనే ముగుస్తుంది. 2025 ఆగస్టులో మాత్రం చర్చ ధరను విడిచి సరుకు మీదికి మళ్లింది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్ల మైలేజి పడిపోతున్నదని, పాత బండ్లలో రబ్బరు భాగాలు చెడిపోతున్నవని వాహనదారులు దేశం నలుమూలల నుంచి గగ్గోలు పెట్టగా, పెట్రోలియం మంత్రిత్వ శాఖ ఆ ఒక్క నెలలోనే రెండు సుదీర్ఘ వివరణలు విడుదల చేయవలసి వచ్చింది. సెప్టెంబర్ 1వ తేదీన ప్రధాన న్యాయమూర్తి బి. ఆర్. గవాయ్ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, ఇథనాల్ కలపని పెట్రోలును కూడా బంకులలో అందుబాటులో ఉంచాలని కోరిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని తోసిపుచ్చింది. న్యాయస్థానంలో వివాదం అంతటితో ముగిసింది గాని వీధిలో ముగియలేదు.

ప్రభుత్వం తన సమర్థనలో అన్నింటికంటె గట్టిగా వినిపించిన అంకె ఒకటి ఉన్నది. ఒకప్పుడు మన దేశంలో సాధారణ పెట్రోలు ఆక్టేన్ 88. భారత్ స్టేజ్-6 ప్రమాణాలకు అది 91 అయింది. ఇథనాల్ కలపడంతో దాదాపు 95కు చేరింది. ఆక్టేన్ పెరిగినందున బండి మరింత చురుకుగా నడుస్తుందని మంత్రిత్వ శాఖ వాదన. ఈ అంకె నిజమైనదే. అయితే ఆ అంకె దేనిని కొలుస్తుంది, దేనిని కొలవదు అన్న విషయాన్ని ఢిల్లీ ప్రకటనలు తేటతెల్లం చేయలేదు. ఆ విషయం తెలియనిదే ఈ వ్యవహారంలో లాభమెవరిది, నష్టమెవరిది అన్నది తేలదు.

పెట్రోలు ఇంజనులో ఇంధనమూ గాలీ కలిసిన మిశ్రమం పిస్టన్ ఒత్తిడికి లోనై, ప్లగ్గు నిప్పురవ్వతో అంటుకోవాలి. ఒత్తిడి ఎక్కువైనప్పుడు, నిప్పు అందకముందే మిశ్రమంలో కొంత భాగం తనంతట తాను భగ్గుమంటే లోపల సుత్తితో మోదినట్లు చప్పుడు వస్తుంది. ‘ఇంజన్ కొడుతున్నది’ అని మెకానిక్కులు చెప్పేది దీనినే. ఈ దోషాన్ని ఎంతవరకు తట్టుకోగలదో చెప్పేదే ఆక్టేన్ అంకె. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్ అనే ద్రవానికి సున్న అని నిర్ణయించి, తక్కిన ఇంధనాలను ఆ రెంటి మిశ్రమాలతో పోల్చి అంకె కడతారు. ఆక్టేన్ అనగా ఓర్పు, బలం కాదు. ఎక్కువ ఒత్తిడితో పనిచేసేటట్లు నిర్మించిన ఇంజనుకు ఎక్కువ ఆక్టేన్ అవసరం. తక్కువ ఒత్తిడికి తయారైన పాత స్కూటరులో 95 ఆక్టేన్ పోయడం మోకాలి లోతు కాలువ దాటవలసినవానికి ఓడ సమకూర్చినట్లే.

డీజిలు సంగతి ఇందుకు పూర్తిగా విరుద్ధం. అందులో నిప్పురవ్వ ఉండదు; ఒత్తిడి వేడికే ఇంధనం అంటుకోవాలి. కాబట్టి అక్కడ కావలసింది ఓర్పు కాదు, త్వరగా మండే స్వభావం. దానిని సీటేన్ అంకెతో కొలుస్తారు. మన ప్రమాణం ప్రకారం అది కనీసం 51 ఉండాలి. ఒకదానికి గుణమైనది మరొకదానికి దోషమవుతుంది గనుకనే ఒక ట్యాంకులోది మరొక ట్యాంకులో పడితే ఇంజను మొరాయిస్తుంది. పెట్రోలులో కిరోసిన్ కల్తీ జరిగినప్పుడు ఆక్టేన్ పడిపోయి ఇంజను కొట్టుకోవడం పాతతరం వాహనదారులకు అనుభవమే.

ఆక్టేన్ పెంచడానికి లోకం తొక్కిన దారులన్నీ మంచివి కావు. 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్‌గ్లీ సీసపు మిశ్రమమొకటి కొద్దిగా కలిపితే ఇంజను చప్పుడు ఆగిపోతుందని కనుగొన్నాడు. ఆ సౌకర్యానికి ప్రపంచం దశాబ్దాల పాటు పిల్లల ఆరోగ్యంతో మూల్యం చెల్లించింది. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో ప్రవేశించి, 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటికీ విస్తరించింది. ప్రపంచంలో చివరగా అల్జీరియా 2021లో సీసపు పెట్రోలును వదలుకున్నది. ఆ దృష్టితో చూసినప్పుడు, సీసం చేసిన పనిని విషం లేకుండా చేయగల ఇథనాల్‌ను నిందించడం న్యాయం కాదు. మంత్రిత్వ శాఖ లెక్క ప్రకారమే దాని ఆక్టేన్ 108కి పైన.

చిక్కు మరొకచోట ఉన్నది. లీటరు పెట్రోలులో ఉన్న ఉష్ణశక్తిలో లీటరు ఇథనాల్‌లో ఉండేది మూడింట రెండు వంతులు మాత్రమే. 20 శాతం పెట్రోలు తీసి ఆ స్థానంలో ఇథనాల్ పోస్తే, లీటరులోని శక్తి 6, 7 శాతం తగ్గక తప్పదు. 10 శాతం మిశ్రమంతో పోల్చినా తగ్గుదల 3 శాతం పైమాటే. ఓర్పు పెరిగిన మాట నిజం. శక్తి తరిగిన మాటా నిజమే. పెరిగిన ఓర్పును వాడుకొనేటట్లు ఇంజనును తీర్చిదిద్దితే శక్తి నష్టంలో కొంత భాగం పూడుతుంది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన బండ్ల భాగాలు ఈ మిశ్రమాన్ని తట్టుకొంటాయి. 2025 ఏప్రిల్ నుంచి ఇంజన్లను కూడా దానికి అనువుగా సవరిస్తున్నారు. అంతకు పూర్వం కొన్నవానికి దక్కేది నష్టభాగం మాత్రమే.

ఆ కొన్నవాడు ఎవరు? ఢిల్లీ నుంచి చూస్తే అతడు కనిపించడు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, రైల్వే స్టేషనుకు చేరువలోని తార్‌బహార్ నుంచి చూస్తే స్పష్టంగా కనిపిస్తాడు. బిలాస్‌పూర్ రైల్వే పెంచిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుంచి తూర్పుగా వేసిన ప్రధాన మార్గం మీద అది కూడలి అయింది. 2003 ఏప్రిల్ నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం అక్కడనే ఉన్నది. వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ చిరకాలం ఒకే రైల్వే నీడలో ఉండడం, 1931 నాటికి విజయనగరం - రాయపూర్ మార్గం పూర్తికావడం మూలంగా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు ఈ పట్టణాలకు పనికి తరలిపోయి స్థిరపడ్డారు. ఆ కాలనీలలో తెలుగు నేటికీ ఇంటి భాష.

తార్‌బహార్ అన్న పేరును హిందీలో విడదీసి చదివితే ‘తీగకు వెలుపల’ అని అర్థం వస్తుంది. ఇంధన రాజకీయానికి ఇంతకంటె తగిన పేరు దొరకదు. తీగకు లోపల, అనగా రైల్వేలో, ఇంధన మార్పు మూడు తరాలలో రెండుసార్లు జరిగింది. మొదట బొగ్గు ఇంజనులోనే మండేది. తరువాత డీజిలు వచ్చింది. ఇప్పుడు కోర్బా వంటి చోట్ల తవ్విన బొగ్గు విద్యుత్కేంద్రంలో మండి, పైతీగ ద్వారా ఇంజనుకు శక్తి అందిస్తున్నది. ఇంధనం మారిన ప్రతిసారీ రైల్వే ఇంజనునూ మార్చింది, షెడ్డునూ మార్చింది, మనుషులకు శిక్షణ కూడా ఇచ్చింది. ఆ ఖర్చంతా ప్రభుత్వ ఖజానా భరించింది. తీగకు వెలుపలి మనిషికి మాత్రం ఇంధనం మార్చి ఇచ్చారు. ఇంజను మార్చుకొనే భారం అతని నెత్తిన వేశారు.

లెక్క చిన్నదే. పదేండ్ల నాటి మోటారు సైకిలు మీద తిరిగి బతికే ఒక చిరువ్యాపారి నెలకు 20 లీటర్లు పోయించుకొంటాడనుకొందాము. మైలేజి 5 శాతం తగ్గితే అదే దూరానికి అదనంగా ఒక లీటరు కావాలి. లీటరుకు 100 రూపాయల చొప్పున చూసినా సంవత్సరానికి 1,200 రూపాయలు. మంత్రిత్వ శాఖే చెప్పినట్లు, కొన్ని పాత బండ్లలో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తరువాత రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చు. అది ఖర్చులో చేరుతుంది. మంత్రికి ఇది స్వల్పం. చిరువ్యాపారికి కాదు.

ఇది ఊహించని పరిణామమని ప్రభుత్వం అనడానికి వీలు లేదు. 2021 జూన్‌లో నీతి ఆయోగ్, పెట్రోలియం శాఖ కలిసి విడుదల చేసిన నివేదికలోనే పాత నాలుగు చక్రాల బండ్లకు 6, 7 శాతం, ద్విచక్ర వాహనాలకు 3, 4 శాతం మైలేజి తగ్గుతుందన్న అంచనా ఉన్నది. దానికి విరుగుడుగా రెండు సూచనలు కూడా అందులోనే ఉన్నాయి: తగ్గిన శక్తికి తగినట్లు మిశ్రమ పెట్రోలు ధర తగ్గించాలి; పాత బండ్ల రక్షణ కోసం 10 శాతం మిశ్రమాన్ని కూడా బంకులలో కొనసాగించాలి. నివేదికలోని లక్ష్యాన్ని ప్రభుత్వం గడువుకు ముందే సాధించింది. 2030కి అనుకొన్న 20 శాతం గడువును 2022లో 2025-26కు ముందుకు జరిపారు. 2023 ఫిబ్రవరి 6న ప్రధాని బెంగళూరులో ఈ పెట్రోలును ప్రారంభించారు. 2025లో లక్ష్యం నెరవేరింది. విరుగుడు సూచనలు మాత్రం కాగితం మీదనే ఉండిపోయాయి.

ధర ఎందుకు తగ్గలేదన్నదానికి మంత్రిత్వ శాఖ సమాధానం ఆలోచింపదగినది. 2021లో ఇథనాల్ పెట్రోలు కంటె చౌక. 2025 జూలై నాటికి రవాణా, పన్నుతో కలిపి దాని సగటు సేకరణ ధర లీటరుకు 71 రూపాయల 32 పైసలై, శుద్ధి చేసిన పెట్రోలు ధరను మించిపోయింది. మొక్కజొన్న ఇథనాల్ ధర నాలుగేండ్లలో 52 రూపాయల 92 పైసల నుంచి 71 రూపాయల 86 పైసలకు పెరిగింది. అయినను రైతు క్షేమం కోసం, విదేశీ మారకం కోసం కార్యక్రమం విడనాడలేదని ప్రభుత్వం అంటున్నది. 2014-15 నుంచి లక్షా 44 వేల కోట్ల రూపాయలకు పైగా విదేశీ మారకం ఆదా అయినదని కూడా చెబుతున్నది. ముడి చమురులో అధిక భాగం దిగుమతి చేసుకొనే దేశానికి ఇది తోసివేయదగిన వాదన కాదు. అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. దేశానికి మేలు జరిగితే ఆ మేలుకు మూల్యం దేశమంతా చెల్లించాలి. పాత బండి ఉన్నవాడొక్కడే ఎందుకు చెల్లించాలి? కంపెనీలు ధర తగ్గించలేకపోతే, పన్ను తగ్గించే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉన్నది గదా!

రైతు క్షేమం మాటను కూడా వరి పండించే ఛత్తీస్‌గఢ్ నేల మీద నిలబడి పరిశీలించాలి. 2025లో కేంద్రం ఆహార సంస్థ బియ్యాన్ని ఇథనాల్ కర్మాగారాలకు క్వింటాలు 2,250 రూపాయలకు ఇవ్వడానికి నిర్ణయించింది. 2024-25లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరే క్వింటాలు 2,300. పొట్టు తీసి, మరపట్టి, నిల్వ చేసిన బియ్యం వడ్ల కంటె చవకగా కర్మాగారానికి చేరుతున్నదన్నమాట! ఈ తేడాను భరిస్తున్నది ఆహార సబ్సిడీ. ఆకలి తీర్చడానికి కేటాయించిన ఖాతా నుంచి ఆక్టేన్ పెంచడానికి ఖర్చు జరుగుతున్నది. అది తప్పని తేల్చే ముందు గిడ్డంగులలో పేరుకొన్న నిల్వలను కూడా తలచుకోవాలి. కాని ఆ ఖర్చు ఇథనాల్ లెక్కలలో కనిపించాలి.

ఛత్తీస్‌గఢ్‌కు ఇంధన పంట కొత్త కాదు. రమణ్‌సింగ్ ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో అడవి ఆముదం మొక్కలు విస్తారంగా నాటించారు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరిన విమానంలో ఆ రాష్ట్రపు గింజల నుంచి తీసిన ఇంధనం కలిపినప్పుడు పత్రికలు ఘనంగా రాశాయి. విమానం దిగింది; ఆ పంట మాత్రం రైతు జీవితంలో పైకి లేవలేదు. ఇటు తెలంగాణలో చూస్తే, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ ప్రజలు 2024 నవంబర్‌లో ఇథనాల్ కర్మాగారం వద్దని రహదారి మీద బైఠాయించగా ప్రభుత్వం పనులు నిలిపివేయవలసి వచ్చింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులోనూ కాలుష్యం మీద ఆందోళన చెలరేగింది. బంకు దగ్గర వినియోగదారుని అడగలేదు; కర్మాగారం దగ్గర గ్రామస్థుని అడగలేదు. రెండు చోట్లా దోషం ఒక్కటే.

మన ప్రభుత్వం తరచు ఉదాహరించే బ్రెజిల్ సంగతి కూడా పూర్తిగా చెప్పుకోవాలి. ఆ దేశం 1975లోనే ఈ మార్గం పట్టింది; 2025 ఆగస్టు నుంచి పెట్రోలులో 30 శాతం కలుపుతున్నది. కాని 2003 నుంచి అక్కడ ఏ పాళ్లలోనైనా నడిచే కార్లు వచ్చాయి. బంకులో ఇథనాల్‌ను విడిగా, విడి ధరకు అమ్ముతారు. ఇథనాల్ ధర పెట్రోలులో 70 శాతానికి లోపు ఉంటేనే లాభమని అక్కడి సామాన్యునికి కంఠోపాఠం. అమెరికాలోని మన తెలుగువారికి బంకులో 87, 89, 93 అన్న అంకెలు ఎదురుగా కనిపిస్తాయి. వారి కొలత పద్ధతి వేరు గనుక వారి 87 మన 91కి దాదాపు సమానం. మన బంకులో ఎంపిక ఉన్నది సంపన్నునికి. 2020 డిసెంబర్‌లో ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోలును ఢిల్లీలో లీటరు 160 రూపాయలకు ప్రవేశపెట్టింది. ఖరీదైన ఇంజను కలవానికి ఐచ్ఛికం, పాత ఇంజను కలవానికి నిర్బంధం: ఇదీ నేటి పరిస్థితి.

ఈ కార్యక్రమాన్ని వెనుకకు తిప్పడం సాధ్యమూ కాదు, వాంఛనీయమూ కాదు. చేయవలసిన పనులు 2021లోనే ప్రభుత్వ నివేదికలో రాసి ఉన్నాయి. ప్రతి పంపు మీద ఇథనాల్ శాతాన్ని, ఆక్టేన్ అంకెను తెలుగులోనో హిందీలోనో పెద్ద అక్షరాలలో రాయాలి. పాత బండ్లు రోడ్ల మీద ఉన్నంత కాలం 10 శాతం మిశ్రమాన్ని అందుబాటులో ఉంచాలి. అది కుదరదంటే లీటరులో తగ్గిన శక్తి మేరకు పన్ను తగ్గించాలి. తూకంలో మోసం చేసిన దుకాణదారునికి చట్టం శిక్ష వేస్తుంది. లీటరు కొలత సరిగానే ఉంచి లోపలి శక్తిని తగ్గించి, అదే ధర వసూలు చేయడం మోసం కాకపోవచ్చు. న్యాయమని మాత్రం అనలేము. పార్లమెంటులో మన ప్రాంతాల ప్రతినిధులు అడగవలసిన ప్రశ్న ఇదొక్కటే: తీగకు వెలుపల ఉన్నవాని ఇంజనుకు బాధ్యులెవరు?